చెవి పాతిన చోటు

జ్వానెంగ్ దాటి పడమటికి డెబ్బై కిలోమీటర్లు,
ఆ తర్వాత దారి లేదు, టైరు గుర్తులే.
మ్మా కెలెత్సో పశువుల దొడ్డి పక్కన
మీటరున్నర గుంట తవ్వాం.
అడుగున సిమెంటు పలక, దాని మీద పరికరం,
మూతపెట్టిన అన్నం గిన్నెంత.
బుడగ నడిమికి వచ్చేదాకా మరలు తిప్పి తిప్పి
బాణాన్ని ఉత్తరానికి మళ్ళించి
ఊపిరి బిగబట్టి మూత వేశాను.

"ఏం వింటుంది అది?" అందామె, ముక్కుపొడుం డబ్బా తీస్తూ.
"నేల కింద నేల ఎలా ఉందో."
"నన్నడిగితే చెప్పనూ?
ఇసక. ఇంకా ఇసక. ఆ కింద ఉప్పు నీళ్ళు."
డ్రైవర్ మొత్లాపి నవ్వి బ్యాటరీ దించాడు.

చెప్పాలని చూశాను.
సుమత్రా అవతల సముద్రం అడుగున రాయి విరిగితే
పన్నెండు నిమిషాలకు ఆ వణుకు మీ దొడ్డి కిందికి వస్తుందమ్మా,
లెక్కకన్నా ఒక్క సెకను ముందే.
వేడి రాతిలో కాళ్ళీడ్చిన అల
ఇక్కడికి రాగానే పరుగందుకుంటుంది.
అంటే ఈ ఇసక కింద చల్లగా, గట్టిగా ఏదో ఉంది,
రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు లోతున,
మూడు వందల కోట్ల ఏళ్ళుగా కరగకుండా.
సముద్రాలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి,
అది మాత్రం పడవ అడుగులా ఈ నేలనంటుకునే తిరిగింది.

ఆమె అంతా విని
"ఒక్క సెకను కోసం ఇంత దూరం వచ్చారా?" అంది.

మూడు నెలలకోసారి వెళ్ళి డిస్కు మార్చుకొచ్చేవాణ్ణి.
ఒకసారి చెదలు తీగ కొరికాయి.
ఒకసారి మేక సోలార్ పలకెక్కి పగలగొట్టింది, పదకొండు రోజులు చెవుడు.
గాబొరోన్‌లో తెర ముందు కూర్చుంటే
ఆ గుంట విన్నదంతా గీతలై పాకేది:
మిట్టమధ్యాహ్నం కంచెకు ఒళ్ళు రుద్దుకునే ఎడ్లు,
రాత్రి గాలికి గుంజుకునే ముళ్ళతుమ్మ వేళ్ళు,
రోజూ తెల్లవారుజామున ఐదుంబావుకు
జొన్నలు దంచే రోకలి.
పోటు. పోటు. పోటుకీ పోటుకీ నడుమ ఒక ఊపిరి.
ఊపిరి గీతలో లేదు, నేనే కలుపుకున్నాను.
దూరపు అల సరిగ్గా ఆ వేళకే వస్తే
దంపుడంతా జల్లెడ పట్టి పారబోయాల్సిందే.

రోలు కాస్త అవతలికి జరుపుతారా అన్నాను.
జరిపింది. నలభై అడుగులు.
నీళ్ళ డ్రమ్ముకీ రోలుకీ మధ్య పెరిగిన ఆ దూరం
రోజూ ఏ మోకాళ్ళ మీద నడిచిందో
మొత్లాపి చెప్పేదాకా నాకు తట్టలేదు.
మా పత్రం చివర కృతజ్ఞతల్లో
బ్యాటరీల కంపెనీ పేరుంది.

ఏప్రిల్‌లో ఆరు రోజులు గీత శుభ్రంగా వచ్చింది.
ఆ ఏడాది మొత్తానికీ అంత శుభ్రమైన రికార్డు లేదు.
వేరు అంచు మొదటిసారి కనబడింది అందులోనే.
ల్యాబులో అందరం కేకు కోసుకున్నాం.
వెళ్ళి అడిగితే,
అన్న పోయాడు, కాన్యెకి వెళ్ళానంది,
అందుకే నీ చెవికి విశ్రాంతి దొరికిందంది.

అదే రోజు మనవడు థూసో
పాలడబ్బా ఊపుతూ దొడ్డి చుట్టూ పరుగెడుతున్నాడు.
మూత తీసి చూశాను:
చెదపుట్ట మీద ఏరిన ఎర్ర గింజలు,
గురివింద ముక్కలంత.
ఎండకు పడితే లోపల ఊదా.
నా చేయి వణికింది.
ఈ నేల తన వేరును తానే కొరికి
ఎప్పుడో నిప్పుగొట్టంలోంచి పైకి ఉమ్మిన తునకలు,
తడి కోసం దిగిన చెదలు
నోట కరిచి తెచ్చినవి.
రెండేళ్ళుగా చెవి ఒగ్గి మేం వెతుకుతున్నది
వాడి డబ్బాలో గలగలమంటోంది.

"ఎక్కడ ఏరావురా?"
వాడు అమ్మమ్మ వైపు చూశాడు.
"చెప్పకు," అందామె, "చెబితే పెద్ద గుంట తవ్వుతారు."

డబ్బా ఇచ్చేశాను.
గుంటలో బుడగ కాస్త పక్కకి ఒరిగి ఉంటే సరిచేశాను.

తర్వాత ఆ పూట రికార్డంతా వెతికాను.
నా అడుగులున్నాయి. జీపుంది.
మొత్లాపి తలుపు వేసిన దెబ్బ కూడా ఉంది.
డబ్బా చప్పుడు లేదు.